అక్కకు ఫిట్స్, నాకు పెళ్లిచూపులు

బెంగళూరు నుంచి 26 ఏళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. చేత్తో రాసిన నాలుగు పేజీలు. పేరు వేయొద్దంది, ఉండే ఏరియా కూడా వద్దంది. "మీరు మా అమ్మ కంటే పెద్దవారు, నన్ను నువ్వు అనే రాయండి మేడమ్" అని అడిగింది కాబట్టి అలాగే రాస్తున్నాను.

వాళ్లది హిందూపురం వైపు. నాన్నగారు ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి అక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఇద్దరూ ఆడపిల్లలే, కవలలు. ఏడు నిమిషాల ముందు పుట్టింది కాబట్టి ఒకామె అక్క. స్కూల్లో టీచర్లు రిబ్బన్ల రంగు చూసి గుర్తుపట్టేవారట, అంత పోలిక. 14 నెలల వయసులో అమ్మమ్మగారి ఊళ్లో ఉండగా ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చింది. చెల్లెలికి మూడు రోజుల్లో తగ్గిపోయింది. అక్కకు రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. బండి దొరికి ఆస్పత్రి చేరేసరికి 40 నిమిషాలు దాటింది, అంతసేపూ ఆగలేదు. ఆ తర్వాత పదేళ్లు ఏమీ లేదు. ఆరో తరగతిలో మొదలైంది. పొట్టలోంచి ఏదో పైకి లేచినట్టు అనిపిస్తుంది, చూపు నిలబడిపోతుంది, పెదాలు చప్పరిస్తుంది, రెండు నిమిషాల దాకా పిలిచినా పలకదు. మూడు రకాల మందులు మార్చారు. ఇప్పుడు వాల్‌ప్రోయేట్‌తో పాటు ఇంకో మాత్ర వాడుతోంది. అయినా నెలకు రెండు మూడుసార్లు వస్తూనే ఉంది. డిగ్రీ చదివి, ఇంటి దగ్గరే పిల్లలకు ట్యూషన్లు చెబుతోంది.

చెల్లెలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అనంతపురం సంబంధం వచ్చింది, అబ్బాయి కూడా వైట్‌ఫీల్డ్‌లోనే పనిచేస్తాడు. పెళ్లిచూపుల రోజు అక్కను మేనత్త ఇంటికి పంపేసి, "పెద్దమ్మాయి వేరే ఊళ్లో చదువుకుంటోంది" అని చెప్పారు. వచ్చే నెల తాంబూలాలు, ఆ రోజూ పంపేస్తారట. "మేం ఏమీ అనకముందే అక్కే బ్యాగు సర్దుకుంది మేడమ్. నేను అత్తావాళ్లింట్లో ఉంటాలే, నువ్వు ఏడ్చి కళ్లు వాపు చేసుకోకు, ఫొటోలు బాగా రావు అంది."

అమ్మాయి అడిగేవి రెండు. ఇద్దరివీ ఒకే జన్యువులు కాబట్టి ఆ జబ్బు తనలో కూడా దాగుందా, రేపు తన పిల్లలకు వస్తుందా? అబ్బాయికి చెప్పాలా, వద్దా? చివర్లో ఇంకో మాట రాసింది: "దానికి వచ్చింది నాకు రాకపోవడం దొంగతనం చేసినట్టుగా ఉంటుంది."

*

అమ్మా,

నీ రెండు ప్రశ్నలకంటే ముందు నువ్వు మూడో పేజీలో దారినపోతూ రాసిన వాక్యం దగ్గర ఆగాలి. ఈ మధ్య అక్క, పొట్టలో తేడా అనిపించగానే బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంటోందని రాశావు. సంబంధం మాటలు మొదలైనప్పటి నుంచే అని కూడా రాశావు. లోపల గీజర్ ఉంది, నిండు బకెట్ ఉంది, గట్టి నేల ఉంది, బయటి నుంచి తలుపు తెరవడానికి వీల్లేదు. ఈ ఉత్తరం చదివిన రోజే ఆ గడియ తీయించు. "లోపల ఉన్నాను" అని రాసిన అట్ట ముక్క ఒకటి తలుపుకు వేలాడదీస్తే మర్యాదకూ లోటుండదు. వేణ్నీళ్లు బకెట్లో ముందే కలిపి ఉంచండి, కూర్చుని పోసుకోమను. మీ అమ్మగారు ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెడతారన్నావు. పెట్టుకోనీ, దానివల్ల మంచీ లేదు చెడ్డా లేదు. నోట్లో మాత్రం ఏదీ పెట్టొద్దు, నీళ్లు పొయ్యొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి.

ఇక నీ భయం. రాత్రి రెండింటికి ఫోన్‌లో చదివిన మాట అబద్ధం కాదు. ఒకే పిండం రెండుగా విడిపోయి పుట్టిన కవలల జన్యువులు ఒకటే. నువ్వు అక్కడితో ఆపేసి ఫోన్ పక్కన పెట్టావు, నిద్ర పోయింది. నేను డాక్టర్ని కాను. 31 ఏళ్లు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పినదాన్ని. కాబట్టి తర్వాతి పేజీ నన్ను చదవనివ్వు.

మీ ఇంట్లో పంచాంగం ఉంటుంది. ఈ నెల మీ నాన్నగారు అందులో ముహూర్తాలు తప్ప ఇంకేదీ చూసి ఉండరు. అదే పంచాంగంలో మీ తాతగారు కార్తెలు చూసుకుని ఉంటారు, అమ్మమ్మ ఏకాదశి ఎప్పుడో వెతుక్కుని ఉంటుంది. పుస్తకం ఒకటే అయినా తెరిచే పేజీలు వేరు. మన ఒంట్లో కాలేయంలోని కణానికీ మెదడులోని నాడీకణానికీ ఉన్న డీఎన్‌ఏ ఒకటే. అందులోని దాదాపు 20 వేల జన్యువుల్లో దేన్ని చదవాలి, దేన్ని మూసిపెట్టాలి అన్న దగ్గర ఒకటి కాలేయం అవుతుంది, ఒకటి మెదడు అవుతుంది. పైగా నాడీకణం ఒకసారి పేజీ తెరిచి ఊరుకునే రకం కాదు. తనకేం జరిగిందో చూసుకుని జీవితమంతా తిప్పుతూనే ఉంటుంది. ప్రయోగశాలలో జంతువులకు ఫిట్స్ తెప్పిస్తే, గంటలోపే వాటి నాడీకణాల్లో సి-ఫాస్ అనే జన్యువు మేలుకోవడం 1987లోనే చూశారు. అది లేచి ఊరుకోదు, వెళ్లి ఇంకొన్ని జన్యువులను లేపుతుంది. అంటే ఒక్క ఫిట్ వచ్చి ఆగిపోయినా, లోపల పేజీలు తిరగడం ఆగదు.

ఇప్పుడు మీ అక్క దగ్గరకు వద్దాం. చిన్నపిల్లల్లో జ్వరంతో ఫిట్స్ రావడం అరుదేమీ కాదు, నూటికి 2 నుంచి 5 మంది పిల్లలకు వస్తుంది. (ఇది చదువుతున్న తల్లులెవరూ హడలిపోవద్దు. కొద్ది నిమిషాల్లో ఆగిపోయేవి దాదాపు అన్నీ ఏ గుర్తూ వదలకుండా పోతాయి.) అరగంట దాటి ఆగకుండా వచ్చేది మాత్రం వేరు సంగతి. కణతకు లోపలి వైపు, జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. అంతసేపు సాగిన ఫిట్ కొందరు పిల్లల్లో అక్కడ దెబ్బ తీస్తుంది, తర్వాత మచ్చ కడుతుంది. మీ ఇంట్లో "పదేళ్లు బాగానే ఉంది కదా, మళ్లీ ఎవరి దిష్టి తగిలింది" అనుకున్నారన్నావు. ఆ పదేళ్లూ పైకే బాగుంది. లోపల పేజీలు తిరుగుతూనే ఉండి ఉంటాయి.

ఎలా తిరుగుతాయో ఒక్క ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే ఇది చదివినప్పుడు నాకే ఒళ్లు జలదరించింది. నాడీకణం కొమ్మల మీద హెచ్‌సీఎన్1 అనే జన్యువు తయారుచేసే సన్నటి ద్వారాలు ఉంటాయి. పక్క కణాల నుంచి వచ్చే సంకేతాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి పొంగిపోకుండా అవి అణిచి ఉంచుతాయి, పాలు పొంగబోతుంటే పొయ్యి తగ్గించినట్టు. ఎన్‌ఆర్‌ఎస్‌ఎఫ్ అనే ఇంకో ప్రొటీన్ ఉంది. జన్యువుల నోరు మూయించడం దాని పని. ఎలుకల్లో ఆగకుండా ఫిట్స్ వచ్చాక ఈ ప్రొటీన్ పెరుగుతుంది, పోయి హెచ్‌సీఎన్1 జన్యువు మీద కూర్చుంటుంది. ద్వారాలు తగ్గిపోతాయి, పొయ్యి తగ్గించే చెయ్యి ఉండదు. ఆ ప్రొటీన్ అక్కడ కూర్చోకుండా అడ్డుపడితే ద్వారాలు తిరిగి వచ్చాయి, ఫిట్స్ తగ్గాయి. 2011లో వచ్చిన ఎలుకల ప్రయోగం ఇది, మనుషులకు మందుగా ఇంకా రాలేదు. నీకు ఎందుకు చెబుతున్నానంటే, చూడు, ఆ ఎలుకల జన్యువుల్లో ఒక్క అక్షరం కూడా మారలేదు. చదవడమే మారింది.

కవలల సంగతే నేరుగా చూసినవాళ్లూ ఉన్నారు. 2005లో స్పెయిన్ శాస్త్రవేత్తలు నీలాంటి ఒకే పోలిక కవలలు 40 జంటలను పరీక్షించారు. జన్యువుల మీద మూతల్లా పడే గుర్తులు మూడేళ్ల కవలల్లో దాదాపు ఒకేలా ఉన్నాయి, యాభయ్యేళ్ల కవలల్లో బాగా తేడాపడ్డాయి. నువ్వూ అక్కా ఒకే పుస్తకంతో పుట్టారు. 14 నెలల వయసులో ఒక రాత్రి అక్క పుస్తకం నీటిలో పడింది, నీది అరుగు మీద పొడిగా ఉంది. అందులో నీ దొంగతనం ఏముంది? ఆ రాత్రి నీకు నడక కూడా సరిగ్గా రాదు.

అలాగని నీకు పూర్తి పూచీకత్తు రాసివ్వను. మూర్ఛ ఒక్క జబ్బు కాదు. కొన్ని రకాల్లో పుస్తకంలోనే అచ్చుతప్పు ఉంటుంది. మెదడంతటికీ ఒకేసారి పాకే కొన్ని రకాలు కవలల్లో ఒకరికుంటే రెండోవారికీ ఉండటం ఎక్కువ. దెబ్బ తగిలి, ఒక చోట మచ్చ నుంచి పుట్టే రకంలో ఆ పోలిక తక్కువ. జ్వరంతో వచ్చిన ఆ పొడవాటి ఫిట్, మధ్యలో పదేళ్ల విరామం, పొట్టలోంచి లేచే ఆ అనుభూతి కలిపి చెబితే ఏ న్యూరాలజిస్టైనా ముందు ఆ మచ్చనే వెతుకుతారు. ఉందో లేదో తేల్చేది మంచి ఎమ్మారై. "ఎప్పుడో చిన్నప్పుడు ఏదో స్కాన్ తీశారు" అని నువ్వు రాసిన కాగితం సరిపోదు. కొత్తది తీయించి, దాన్ని పట్టుకుని ఇద్దరూ కలిసి జన్యు సలహా ఇచ్చేవారి దగ్గర కూర్చోండి. నీ పెళ్లికి కావలసిన జవాబు మీ అక్క రిపోర్టులో ఉంది. ఇన్నాళ్లూ ఆ రిపోర్టు తీయించాలని ఎవరికీ తోచలేదు.

నిద్రలోకి జారుకుంటుంటే ఒళ్లు ఉలిక్కిపడుతోందని రాశావు, అది నాకూ ఉంది, మీ నాన్నగారికీ ఉంటుంది. పొద్దున లేవగానే చేతులు ఎగిరి గ్లాసులు జారిపోతుంటే మాత్రం డాక్టరుకు చెప్పు. పిల్లల విషయానికి వస్తే, జ్వరంతో ఫిట్స్ వచ్చే స్వభావం కుటుంబాల్లో కొంత నడుస్తుంది. రేపు నీకు బిడ్డ పుడితే మొదటి టీకాకు వెళ్లిన రోజే పిల్లల డాక్టరుకు ఈ కథ చెప్పి, ఫిట్స్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడాజోలమ్ స్ప్రే ఇంట్లో ఉంచుకోవాలా అని అడుగు. మీ అమ్మగారికి ఆ రాత్రి అది లేదు.

పెళ్లి మాటకు వద్దాం. నీ ఉత్తరంలో మీ నాన్నగారు విలన్‌లా కనిపిస్తున్నారు. నాకు అలా అనిపించలేదు. "ఈ సంబంధం తప్పితే ఇద్దరూ మా మీదే ఉంటారు, మేం పోయాక మీకెవరు" అన్నారని నువ్వే రాశావు. ఆయన్ని నడిపిస్తున్నది ఆ భయం. "ఫిట్స్ ఉన్న పిల్లకు చట్టప్రకారం పెళ్లే చెల్లదు" అన్నది మాత్రం పాతబడిన మాట. హిందూ వివాహ చట్టంలో 1976లో మూర్ఛను చేర్చిన సంగతి నిజమే. 1999లో దాన్ని తీసేశారు. ఆయన పెళ్లినాటికి ఉన్న చట్టం ఆయన బుర్రలో అలాగే ఉండిపోయింది, చాలామందికి అంతే.

ఆయన చెప్పినట్టే దాచావనుకో. తాంబూలాలు బాగా జరుగుతాయి. పెళ్లికి అక్క ఎక్కడుంటుంది? సీమంతానికి? అబ్బాయిది అనంతపురం, మీది హిందూపురం, మధ్యలో ఎంతమంది చుట్టాలుంటారో నీకు తెలుసు. ఆ సంగతి అతనికి ఎవరో ఒకరు చెబుతారు, అదీ వాళ్లకు తోచిన మాటల్లో. అప్పుడు అతను అక్క జబ్బు గురించి అడగడు, ఇంకా ఏమేం దాచారని అడుగుతాడు. ఇంకోటి. పెళ్లయ్యాక అక్క మీ ఇంటికి దగ్గర్లోనే ఉండాలని, అమ్మానాన్నల తర్వాత నీ దగ్గరే ఉండాలని నీ కోరిక. ఆ కోరికను ఉత్తరంలో మూడుసార్లు రాశావు. లేని అక్కను ఏ ఇంట్లో ఉంచుతావు?

పెద్దల ద్వారా చెప్పించడం ఇంకో దారి. మీ పెదనాన్న మధ్యవర్తి అన్నావు కాబట్టి పద్ధతిగానే ఉంటుంది, నాన్నగారి పరువూ నిలుస్తుంది. నాకు ఇందులో ఒకటే గుచ్చుకుంటుంది: మాట నాలుగు నోళ్లు మారేసరికి ఫిట్స్ కాస్తా పిచ్చి అవుతుంది, చిన్నప్పటి జ్వరం కాస్తా వంశపారంపర్యం అవుతుంది. ఈ దారే పడితే పెదనాన్న చేతికి మాటలు నువ్వే ఇవ్వు, వీలైతే రిపోర్టుతో సహా.

నువ్వే అతనికి చెప్పడం మూడోది. మూడు వారాలుగా ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారు కదా. ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పు, వాళ్లమ్మగారికి చెప్పడానికి అతనికి రెండు రోజుల టైమ్ ఇవ్వు. "నాకో కవల అక్క ఉంది. చిన్నప్పటి జ్వరంలో మెదడుకు దెబ్బ తగిలింది, ఫిట్స్ వస్తాయి. డాక్టర్లకు చూపిస్తున్నాం. నాకు ఎప్పుడూ రాలేదు. రేపు అక్క బాధ్యత నాది కూడా." ఇంత చాలు. హెచ్‌సీఎన్1 గురించి మొదలుపెట్టకు, పాపం. సంబంధం తప్పిపోవచ్చు. తప్పిపోతే ఇంట్లో కొన్ని నెలలు నరకంగా ఉంటుంది, మీ నాన్నగారు నీతో మాట్లాడకపోవచ్చు. అది నువ్వు మోయగలవా లేదా అన్నది నాకంటే నీకే బాగా తెలుసు. మోయలేననిపిస్తే ఎమ్మారై వచ్చేదాకా తాంబూలాలు ఒక నెల వెనక్కి జరపమని అడుగు. మూఢం ఉందనో ఇంకేదో అనో చిన్న అబద్ధం ఆడినా నేను తప్పుపట్టను.

అయితే ఈ దారుల్లో ఏది ఎంచుకున్నా దానికంటే ముందు చేయాల్సింది ఒకటుంది. నీ నాలుగు పేజీల్లో అబ్బాయి ఏమనుకుంటాడో ఉంది, నాన్న, అత్త, పెదనాన్న ఏమంటారో ఉంది. అక్క ఏం కోరుకుంటోందో ఎక్కడా లేదు. బ్యాగు సర్దుకోవడం కోరిక కాదు. జబ్బు ఆమెది, కాబట్టి ఎవరికి ఎంత చెప్పాలో మొదట మాట్లాడాల్సింది ఆమే. ఒకవేళ "చెప్పొద్దు" అంటే? అప్పుడు కష్టమే. నీ అక్క ఉన్నదన్న సంగతి, ఆమె నీ బాధ్యత అన్న సంగతి చెప్పే హక్కు నీకుంది. జబ్బు వివరాలు చెప్పే హక్కు మాత్రం ఆమె ఇస్తేనే వస్తుంది. ఆ గీత ఎక్కడ గీయాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆమెకు తన జబ్బు గురించి నువ్వు అనుకునేదానికంటే ఎక్కువే తెలిసి ఉంటుంది.

నువ్వు అడగనిది ఒకటి చెప్పి తీరాలి. సరిగ్గా ఎంచి ఇచ్చిన రెండు మందులు వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. అలాంటివారిని పెద్ద ఎపిలెప్సీ కేంద్రానికి పంపి, ఆపరేషన్‌కు పనికొస్తారేమో చూడాలి. మీ అక్కకు మూడు మందులయ్యాయి, పదిహేనేళ్లయింది, ఎవరూ పంపలేదు. కెనడాలో ఇలాంటి టెంపోరల్ లోబ్ (కణత వైపు మెదడు భాగం) మూర్ఛ ఉన్న 80 మందిని రెండు జట్లు చేసి చూసిన ఫలితాలు 2001లో వచ్చాయి. ఆపరేషన్ జట్టులో ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్లు 58 శాతం, మందుల జట్టులో 8 శాతం. నీకు బెంగళూరులోనే హోసూరు రోడ్డు మీద మెదడు, నరాల జబ్బులు చూసే నిమ్హాన్స్ ఆస్పత్రి ఉంది. కాదంటే తిరువనంతపురంలో శ్రీచిత్ర ఆస్పత్రి ఉంది, అక్కడ 1995 నుంచి ఈ ఆపరేషన్లు చేస్తున్నారు. ఆపరేషన్ అంటే మీ అమ్మగారు గుండె బాదుకుంటారని తెలుసు. వెళ్లగానే కోసేయరు. ఎమ్మారై తీస్తారు, కొన్ని రోజులు ఉంచుకుని వీడియో ఈఈజీ (వీడియో తీస్తూనే మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష) చేస్తారు, జ్ఞాపకశక్తి పరీక్షలు పెడతారు. మచ్చ ఎడమవైపు ఉంటే మాటల జ్ఞాపకం కొంత తగ్గే ప్రమాదం ఉంటుంది, ట్యూషన్లు చెప్పే మనిషికి అది చిన్న సంగతేం కాదు. అన్నీ విని వద్దనుకోవచ్చు కూడా. ఆ వద్దు ఆమె అనాలి. (తలస్నానం వేణ్నీళ్లతోనా అని అడిగితే ఆశ్చర్యపోకండి. తలమీద వేడినీళ్లు పోసుకుంటే వచ్చే ఒక రకం మూర్ఛ కర్ణాటకలో ఎక్కువ, అక్కడి డాక్టర్లకు అది అలవాటైన ప్రశ్న.)

వాల్‌ప్రోయేట్ గురించి కూడా అడగండి. 1962లో ఫ్రాన్స్‌లో దాన్ని వేరే మందులు కరిగించడానికి ద్రావకంగా వాడుతుంటే, అదే ఫిట్స్ ఆపుతోందని అనుకోకుండా తెలిసింది. మళ్లీ 2001లో తేలింది, అది జన్యువులను చుట్టి ఉంచే బిగింపును వదులు చేస్తుందని, అంటే మనం పైన చెప్పుకున్న పేజీలనే కదుపుతుందని. గర్భంలో ఉన్న బిడ్డకు ఆ పేజీలు ఒక క్రమంలో తెరుచుకోవాలి. గర్భిణిగా ఉండి ఈ మందు వాడితే నూటికి 10 మంది బిడ్డల్లో పెద్ద అవకరాలు వస్తున్నాయి, మామూలుగా ఉండేదానికంటే చాలా ఎక్కువ. తెలివితేటల మీదా ప్రభావం ఉంది. పాతికేళ్లు దాటిన ఆడపిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదంటే, ఆమెకు పెళ్లీ పిల్లలూ ఉండరని అందరూ ముందే తీర్మానించుకున్నారని అర్థం. మాత్ర మాత్రం సొంతంగా ఆపొద్దు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ విరుచుకుపడతాయి. మార్చాలా, ఎలా మార్చాలా అన్నది డాక్టరు చూస్తారు.

నిమ్హాన్స్‌కు వెళ్లేటప్పుడు పాత చీటీలన్నీ తీసుకెళ్లు. ఫిట్స్ వచ్చిన తేదీలు రాసిన పుస్తకం ఒకటి మొదలుపెట్టు. వచ్చినప్పుడు ఫోన్‌తో వీడియో తీస్తే డాక్టర్లకు పది మాటలకంటే అది బాగా ఉపయోగపడుతుంది. తీసే ముందు, మామూలుగా ఉన్నప్పుడు, తీయొచ్చా అని అక్కను అడుగు.